కౌసానీలో మూడు ఉదయాలు: కుమావూ కొండల్లోని నిశ్శబ్దమైన ఊరికి సమగ్ర మార్గదర్శి

కౌసానీకి మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు మంచుకొండలు కనిపించలేదు. ఒక ట్రావెల్స్ వాళ్ళ ప్యాకేజీలో నైనితాల్ మూడు రాత్రులు, రానీఖేత్ ఒక రాత్రి, కౌసానీ ఒక రాత్రి అని ఉంది. పొద్దుగూకాక దిగాం. తెల్లారి లేచి చూస్తే లోయ నిండా మబ్బు. ఎనిమిదింటికల్లా బస్సెక్కమన్నారు. హోటల్లో పనిచేసే కుర్రాడు సామాను మోస్తూ మబ్బులోకి చేయి చాపి, "త్రిశూల్ అక్కడే ఉంటుంది సార్" అన్నాడు. ఆ మాట నన్ను వదల్లేదు. రెండేళ్ళ తర్వాత అమ్మను తీసుకుని మళ్ళీ వెళ్ళాను. ఈసారి నాలుగు రాత్రులు ఉన్నాం. మొదటి ఉదయం మబ్బు, రెండో ఉదయం కూడా మబ్బే. మూడోరోజు చీకటితోనే అమ్మ నన్ను తట్టి లేపింది. అప్పటికే తను శాలువా కప్పుకుని బాల్కనీలోకి వెళ్ళొచ్చింది.

అందుకే మొదటే ఒక మాట చెప్పేస్తాను. ఎన్ని చోట్లు తిరిగినా తిరగకపోయినా, కౌసానీలో కనీసం మూడు ఉదయాలు మీ చేతిలో ఉంచుకోండి. మిగతా ప్రయాణమంతా ఆ మూడు ఉదయాల చుట్టూ అల్లుకోండి.

ముందుగా ఊరి సంగతి

ఉత్తరాఖండ్‌లో గఢ్వాల్, కుమావూ అని రెండు ప్రాంతాలున్నాయి. బద్రీనాథ్, కేదార్‌నాథ్ గఢ్వాల్‌లో ఉంటాయి కాబట్టి మనవాళ్ళకు అదే బాగా తెలుసు. కౌసానీ రెండోవైపు, కుమావూలోని బాగేశ్వర్ జిల్లాలో, సుమారు 1,890 మీటర్ల ఎత్తున ఉంది. ఊరు ఒక కొండ వెన్ను మీద కూర్చుంది. ఒకవైపు దిగితే కోసీ నది పారే సోమేశ్వర్ లోయ, రెండోవైపు దిగితే గోమతి పారే కత్యూర్ లోయ. ఒక చిన్న కూడలి, దాని చుట్టూ పాతిక ముప్పై దుకాణాలు, పైకి వెళ్ళే ఒక దారి, దాని వెంట హోటళ్ళు. బజారంటే ఇంతే. మాల్ రోడ్డు ఉండదు, పడవలుండే చెరువు ఉండదు. రాత్రి ఎనిమిదింటికి షట్టర్లు దించేస్తారు. పిల్లలకు రోజంతా ఏదో ఒక కాలక్షేపం ఉండాలనుకుంటే నైనితాల్ మేలు. నడవడం, కూర్చోవడం, చూడడం చాలనుకునేవాళ్ళు ఇక్కడికి రావాలి.

ఈ ఎత్తులో ఊపిరాడకపోవడం లాంటి ఇబ్బంది మామూలుగా ఉండదు. పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవాళ్ళు భయపడాల్సింది ఘాట్ రోడ్డు మలుపులకు, రాత్రి చలికి.

మొదటి అడుగు: నెల చూసుకోండి

వానలు వెనక్కి తగ్గి గాలి కడిగినట్టయ్యే అక్టోబర్ రెండో వారం నుంచి నవంబర్ చివరిదాకా కొండలు అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తాయి. దసరా, దీపావళి సెలవులు కూడా చాలా ఏళ్ళు ఇందులోనే పడతాయి కాబట్టి గదులు ముందే చూసుకోవాలి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చలి గట్టిగా ఉంటుంది, ఒక్కోసారి ఊళ్ళోనే మంచు పడుతుంది. తెరిపిచ్చిన రోజుల్లో ఆకాశం మాత్రం అద్దంలా ఉంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో కొండవాలులో బురాంశ్ చెట్లు ఎర్రగా విరగబూస్తాయి. మోదుగు పూసిన మన అడవిని చూసినవాళ్ళకు ఆ ఎరుపు వెంటనే అర్థమవుతుంది.

మన పిల్లలకు సెలవులుండేది మే, జూన్ నెలల్లో. అక్కడ చల్లగానే ఉంటుంది కానీ పొడిమబ్బు కమ్ముకుంటుంది. చీడ్ (ఒక రకం పైన్) అడవులు అంటుకున్న ఏడాది పొగ లోయంతా పరుచుకుని కొండలు వారాల తరబడి కనిపించవు. వేసవిలో వెళ్ళక తప్పదంటే, ఒక వాన పడిన మర్నాటి ఉదయాన్ని మాత్రం వదులుకోకండి. జూలై నుంచి సెప్టెంబర్ సగందాకా వెళ్ళవద్దనే నా సలహా. ఆ నెలల్లో కొండచరియలు జారి దారులు మూసుకుపోతాయి.

రెండో అడుగు: కాఠ్‌గోదామ్ దాకా

కొండల కింద ఆఖరి రైల్వే స్టేషన్ కాఠ్‌గోదామ్. హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్ ఢిల్లీకి తీసుకెళ్తాయి. ఢిల్లీ నుంచి రానీఖేత్ ఎక్స్‌ప్రెస్ రాత్రి బయల్దేరి తెల్లవారుజామున కాఠ్‌గోదామ్ చేరుస్తుంది. పొద్దున్నే బయల్దేరే శతాబ్ది కూడా ఉంది గానీ అది చేరేసరికి మధ్యాహ్నమవుతుంది, అక్కడినుంచి కౌసానీ వెళ్తే చీకటి పడుతుంది. నా ఓటు రాత్రి రైలుకే. శతాబ్దిలో వచ్చేవాళ్ళు ఆ రాత్రి అల్మోరాలో ఆగితే మంచిది.

చలికాలం ఉత్తరాది పొగమంచుకు రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి. అందుకని ఢిల్లీలో రెండు రైళ్ళ మధ్య బాగా వ్యవధి పెట్టుకోండి. విమానంలో వచ్చేవాళ్ళకు దగ్గర్లో ఉన్నది పంత్‌నగర్. అక్కడ దిగే విమానాలు తక్కువ, చలికాలంలో వాటికీ పొగమంచు బెడద ఉంటుంది. ఢిల్లీలో దిగి రైలెక్కడమే నమ్మకం.

మూడో అడుగు: కొండ ఎక్కే రోజు

కాఠ్‌గోదామ్ నుంచి కౌసానీ సుమారు 135 కిలోమీటర్లు. అంకె చూసి మూడు గంటల్లో వెళ్ళిపోవచ్చు అనుకోవద్దు. భవాలీ, కైంచీ, గరమ్‌పానీ, అల్మోరా, కోసీ, సోమేశ్వర్ మీదుగా వెళ్ళేసరికి ఐదారు గంటలు పడుతుంది. మూడు రకాలుగా వెళ్ళొచ్చు. స్టేషన్ బయట మొత్తం టాక్సీ మాట్లాడుకోవచ్చు. సీటు లెక్కన షేర్ జీపు ఎక్కొచ్చు. కొండవాళ్ళు 'కేమూ' అని పిలిచే పాత బస్సులు, రోడ్‌వేస్ బస్సులు కూడా ఉన్నాయి. షేర్ జీపులకు అసలు అడ్డా పక్కనున్న హల్ద్వానీ. కౌసానీకి నేరుగా దొరక్కపోతే అల్మోరా దాకా ఎక్కి, అక్కడ సోమేశ్వర్ వైపు వెళ్ళేది మారితే సరిపోతుంది. షేర్ బండ్లు మధ్యాహ్నం దాటితే పలచబడతాయి. సాయంత్రం నాలుగు తర్వాత వాటిని నమ్ముకోకండి.

పెద్దవాళ్ళుంటే మొత్తం బండి మాట్లాడుకోవడమే మంచిది, ఎందుకంటే అడిగినచోట ఆపుతారు. డ్రైవర్‌ను 'దాజ్యూ' అనండి. కుమావూనీలో అన్నా అన్నమాట. చిన్నవాడైతే 'భులా', తమ్ముడూ అని. ఈ రెండు మాటలకే వాళ్ళ ముఖాలు విప్పారడం ప్రతిసారీ చూశాను. బయల్దేరే ముందు వాంతుల మాత్ర వేసుకోవాలి, మలుపులు మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు. ఖాళీ కడుపుతోనూ, పూరీలు నిండా తినీ బండెక్కొద్దు.

దారిలో రెండు చోట్ల సమయం పోతుంది. ఒకటి కైంచీ ధామ్, నీమ్ కరోలీ బాబా ఆశ్రమం. శని, ఆదివారాల్లోనూ, జూన్ 15న జరిగే జాతరకూ అక్కడ బండ్లు మైళ్ళ కొద్దీ నిలిచిపోతాయి. దర్శనం కావాలంటే తెల్లారి వెళ్ళే దారిలోనే కానిచ్చుకోండి. రెండోది అల్మోరాకు ముందు క్వారబ్. అక్కడ కొండ తరచూ జారుతుంది. దారి మూసేస్తే బండ్లను రానీఖేత్ మీదుగా మళ్ళిస్తారు. బయల్దేరేముందు "క్వారబ్ తెరిచి ఉందా?" అని డ్రైవర్‌ను అడగండి. ఈ ప్రశ్న అడిగితే మీకు దారి తెలుసని ఆయనకు అర్థమవుతుంది.

అల్మోరా దాటి కోసీ దగ్గర కట్టార్‌మల్ సూర్యదేవాలయం ఉంది. కత్యూరీ రాజులు 9వ శతాబ్దంలో కట్టించింది అంటారు. పెద్ద గుడి చుట్టూ నలభైకి పైగా చిన్న గుళ్ళు తల్లికోడి చుట్టూ పిల్లల్లా ఒదిగి ఉంటాయి. చెక్కడపు పని ఉన్న దీని కొయ్య తలుపును భద్రత కోసం ఢిల్లీలోని జాతీయ మ్యూజియంకు తరలించారు. మధ్యాహ్నం రెండింటికల్లా ఇక్కడికి చేరితే చూడండి. ఆలస్యమైతే తిరుగు ప్రయాణానికి వదిలేసి సాగిపోండి, వెలుతురుండగానే కౌసానీ చేరడం ముఖ్యం.

నాలుగో అడుగు: బస

గది తీసుకునేటప్పుడు ఒక్క ప్రశ్న గట్టిగా అడగాలి: మంచం మీద నుంచి, లేదా గది గుమ్మంలో నుంచి ఉత్తరం వైపు కొండలు కనిపిస్తాయా? 'వ్యూ ఉంది' అన్న జవాబుతో సరిపెట్టుకోకండి, ఆ గది కిటికీలోంచి తీసిన ఫొటో పంపమనండి. ముందు మరో భవనం లేచి సగం కొండల్ని కప్పేసిన హోటళ్ళు ఉన్నాయి. తర్వాత అడగాల్సింది వేడినీళ్ళ గురించి, రూమ్ హీటర్ గురించి. కరెంటు పోతే ఏం చేస్తారో కూడా కనుక్కోండి.

కుమావూ మండల్ వికాస్ నిగమ్ టూరిస్ట్ విశ్రాంతి గృహం ఊరికి కాస్త దూరంగా, ప్రశాంతంగా ఉంటుంది. ఇది ప్రభుత్వ సంస్థ, బుకింగ్ ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు.

నాకు బాగా నచ్చింది మాత్రం అనాసక్తి ఆశ్రమం. గాంధీజీ 1929 జూన్‌లో రెండు వారాలు ఉన్న ఇల్లు ఇదే. అప్పట్లో అది ఒక టీ తోట బంగళా. ఆ ఏడాది ఏప్రిల్, మే నెలల్లో ఆయన ఆంధ్రదేశంలో ఊరూరా ఖద్దరు యాత్ర చేశారు. మండుటెండల్లో మన ఊళ్ళు తిరిగి, ఆ మరుసటి నెలలోనే ఈ కొండెక్కారు. ఇక్కడ కూర్చునే తన గీతానువాదం 'అనాసక్తియోగం'కి ముందుమాట పూర్తిచేశారు. దాని కింద కౌసానీ, 24 జూన్ 1929 అని ఉంటుంది. ఆశ్రమం పేరు ఆ పుస్తకం నుంచే వచ్చింది. మా ఊళ్ళో గాంధీ వచ్చిపోయిన చోటును చూపించే పెద్దాయన ఒకరుండేవారు. ఈ అరుగు మీద కూర్చున్నప్పుడు నాకు ఆయన గుర్తొచ్చారు.

ఆశ్రమంలో గదులు సాదాగా ఉంటాయి. మద్యం, మాంసం, పొగ ఉండవు. సాయంత్రం ప్రార్థనకు బసచేసినవాళ్ళు కూడా వచ్చి కూర్చోవాలి. దీన్ని హోటల్ అనుకుని వెళ్ళేవాళ్ళు ఇబ్బంది పడతారు, ఆశ్రమం వాళ్ళనూ ఇబ్బంది పెడతారు. ఆ పద్ధతి మీకు సమ్మతమైతేనే అడగండి. బయట ఉన్నా ప్రార్థనకు మాత్రం వెళ్ళొచ్చు.

ఐదో అడుగు: తెల్లవారుజాము

సూర్యోదయం అక్టోబర్‌లో ఆరు దాటాక, జనవరిలో ఏడింటి ప్రాంతంలో అవుతుంది. మీరు దానికి కనీసం నలభై నిమిషాల ముందే బయట ఉండాలి. సూర్యుడు మనకు కనిపించకముందే ఎత్తైన శిఖరాల కొసలకు వెలుగు తాకుతుంది. అసలు చూడాల్సింది ఆ కొద్ది నిమిషాలే. మొదట బూడిదరంగు నీడలా ఉన్న గోడ కొస మీద గులాబీ చుక్క పడుతుంది. ఆ చుక్క కిందికి జారుతూ కాషాయమై, పసుపై, చివరికి కళ్ళు చెదిరే తెలుపవుతుంది. ఎండ ఎక్కాక లోయలోంచి ఆవిరి లేస్తుంది. తొమ్మిది, పది గంటలకల్లా చాలా రోజుల్లో మబ్బు కట్టేస్తుంది. ఎనిమిదింటికి లేచేవాళ్ళకు మిగిలేది ఆ మబ్బే.

ఏ కొండ ఏదో తెలిస్తే ఆనందం రెట్టింపవుతుంది. ఉత్తరానికి తిరిగి నిలబడండి. బాగా ఎడమచేతి వైపు చౌఖంబా (7,138 మీటర్లు), అది బద్రీనాథ్ వైపు కొండ. కుడికి వస్తే నందాఘుంటీ. ఎదురుగా వెడల్పుగా, మూడు కొసలతో కనిపించేది త్రిశూల్ (7,120 మీటర్లు). 1907లో టామ్ లాంగ్‌స్టాఫ్ బృందం దాన్ని ఎక్కింది. ఏడువేల మీటర్లు దాటిన శిఖరాన్ని మనిషి ఎక్కడం అదే మొదలని పర్వతారోహణ చరిత్ర చెబుతుంది. త్రిశూల్‌కు కుడివైపు, కాస్త వెనగ్గా ఉన్నది నందాదేవి (7,816 మీటర్లు). అన్నిటికంటే ఎత్తైనదే అయినా దూరాన, ముందున్న శిఖరాల వెనక ఉండడం వల్ల త్రిశూల్ కంటే చిన్నగా కనిపిస్తుంది. చాలామంది త్రిశూల్‌నే నందాదేవి అనుకుని దండం పెడతారు. ఇంకా కుడికి నందాకోట్, ఆ చివర పంచచూలీ.

నందాదేవిని కుమావూ, గఢ్వాల్ రెండూ తమ ఇంటి ఆడపడుచుగా కొలుస్తాయి. కైలాసానికి అత్తారింటికి వెళ్ళే కూతురన్నమాట. పన్నెండేళ్ళకోసారి జరిగే నందా రాజజాత్ ఆ సాగనంపే యాత్రే. ఆ కొండ లోపలి ప్రాంతాన్ని 1983 నుంచి జనానికి మూసేశారు. ఇక్కడి వృద్ధులు ఆ శిఖరం వైపు కాళ్ళు చాపి కూర్చోరు. మనమూ ఆ మర్యాద పాటిద్దాం.

చూడడానికి ఆశ్రమం ముంగిలే మంచిచోటు. ఫొటోలు ఆ పది నిమిషాల తర్వాత తీసుకోండి. పూర్తిగా తెల్లబడ్డాక కూడా కొండలు అక్కడే ఉంటాయి. అమ్మ ఆరోజు ఫోను ముట్టుకోలేదు, దండం పెట్టిన చేతులు దించడానికే చాలాసేపు పట్టింది.

సాయంత్రం కూడా ఆకాశం తెరిపిస్తే పడమటి ఎండ అవే కొండల్ని రాగిరంగులోకి తిప్పుతుంది. చలి వేగంగా దిగుతుంది కాబట్టి స్వెట్టర్ వెంట ఉండాలి.

ఆరో అడుగు: ఊళ్ళో కాలినడకన

ఒక రోజును బండి లేకుండా గడపండి. కూడలి దగ్గర్లోనే సుమిత్రానందన్ పంత్ పుట్టిన ఇల్లు ఉంది, ఇప్పుడది చిన్న మ్యూజియం. 1900 మే 20న పుట్టిన ఆ బిడ్డకు కొద్దిగంటల్లోనే తల్లి పోయింది. కొండలే తనను పెంచాయన్నట్టుగా రాసిన ఆ కవికి 1968లో హిందీ సాహిత్యంలో తొలి జ్ఞానపీఠం వచ్చింది. ఆయన వాడిన వస్తువులు, చేతిరాతలు, పాత ఫొటోలు నాలుగు గదుల్లో పెట్టారు. అరగంట చాలు.

అక్కడినుంచి పైన్ చెట్ల మధ్య ఎక్కుతూ వెళ్తే లక్ష్మీ ఆశ్రమం వస్తుంది. లండన్‌లో పుట్టిన కేథరిన్ మేరీ హైల్‌మాన్ గాంధీజీ దగ్గరికి వచ్చి సరళా బెహన్ అయ్యారు. 1946లో కొండ ఆడపిల్లల కోసం ఈ బడి పెట్టారు. చదువుతోపాటు పొలం, పశువులు, నేత, వంట అన్నీ పిల్లలే చూసుకునే నయీ తాలీమ్ పద్ధతి. ఇది ఇప్పటికీ ఆడపిల్లలు ఉంటూ చదువుకునే చోటు. కబురు చేసి, అనుమతి తీసుకుని వెళ్ళండి. పిల్లల ఫొటోలు తీయకండి. వాళ్ళు నేసిన ఊలు బట్టలు, చేసిన జామ్‌లు అమ్మకానికి ఉంటే అక్కడే కొనండి.

దారిలో ఒక జాగ్రత్త. చీడ్ చెట్ల ఎండు సూదుల్ని ఇక్కడ 'పిరుల్' అంటారు. వాటి మీద అడుగేస్తే నూనె పోసిన గచ్చు మీద వేసినట్టే. నున్నటి అడుగున్న చెప్పులు పనికిరావు. చీకటిపడ్డాక ఒంటరిగా అడవిదారుల్లో నడవకండి, చిరుతలు తిరిగే నేల ఇది. కోతులు చేతిలోని సంచి లాక్కుపోతాయి.

ఇళ్ళ గడపలు గమనించండి. గేరూ మట్టితో ఎర్రగా అలికి, నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండితో వేళ్ళతో తెల్లటి గీతలు గీస్తారు. దాన్ని 'ఐపణ్' అంటారు. మన గడపకు జాజు పూసి పిండిముగ్గు వేసినట్టే. అమ్మ ఒక ఇంటి ముందు ఆగి, భాష రాకపోయినా ఆ ఇల్లాలితో వేళ్ళతోనే పావుగంట మాట్లాడింది. ఆవిడ లక్ష్మీపాదాలు గీసి చూపిస్తే, అమ్మ మెలికల ముగ్గు వేసి చూపించింది.

ఓపికున్నవాళ్ళు ఇంకో రోజు రుద్రధారీ జలపాతానికి వెళ్ళొచ్చు. కొంత బండిలో, మిగతాది పొలాలు, పైన్ అడవి మధ్య కాలినడక. చివర్లో జలపాతం పక్కన శివుడి గుహ. ఒక స్థానికుణ్ణి వెంటబెట్టుకోండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మానుకోవడం మంచిది.

ఏడో అడుగు: బైజ్‌నాథ్, బాగేశ్వర్

దీనికి ఒక పూర్తి రోజు. సూర్యోదయం చూసి, టిఫిన్ తిని ఎనిమిదిన్నరకు బయల్దేరండి. బైజ్‌నాథ్ దారిలో ఐదు కిలోమీటర్ల దూరంలో టీ తోట వస్తుంది. చలికాలంలో ఆకు కోయరు, ఫ్యాక్టరీ పని చూడాలంటే ఏప్రిల్ తర్వాత రావాలి. టీ పొడి మాత్రం ఎప్పుడూ దొరుకుతుంది. పాలు పోసి మరిగించే మన పద్ధతికి ఇది సరిపోదు, వేడినీళ్ళలో నాలుగు నిమిషాలు ఉంచి వడగట్టుకోవాలి.

కౌసానీకి సుమారు 17 కిలోమీటర్లలో, గోమతి ఒడ్డున బైజ్‌నాథ్ గుళ్ళు ఉన్నాయి. కత్యూరీ రాజుల రాజధాని కార్తికేయపురం ఇక్కడే ఉండేది. రాతి గుళ్ళ గుంపు, శిఖరం పోయిన ప్రధానాలయం, నదిలోకి దిగే రాతి మెట్లు. గర్భగుడిలో శివలింగం వెనక నిలబడిన పార్వతి విగ్రహం దగ్గర తొందరపడకండి. నల్లరాతిలో మనిషెత్తు విగ్రహం, చుట్టూ చిన్న చిన్న దేవతామూర్తులు, వేళ్ళ గోళ్ళ దాకా చెక్కిన పని. లేపాక్షి, రామప్ప చూసి పెరిగిన కళ్ళకు కూడా అది కొత్తగా తోస్తుంది. నదిలో పెద్ద పెద్ద చేపలు మెట్ల దాకా వస్తాయి. వాటిని ఎవరూ పట్టరు, శనగలు వేస్తారు. శనగలే వేయండి, బిస్కెట్లు, చిప్స్ వద్దు. దగ్గర్లోనే గుట్ట మీద కోట్ భ్రామరి అమ్మవారి గుడి ఉంది, అక్కడినుంచి కత్యూర్ లోయ మొత్తం వరిమళ్ళతో పరుచుకుని కనిపిస్తుంది.

అక్కడినుంచి మరో ఇరవై కిలోమీటర్లు పోతే బాగేశ్వర్. సరయూ, గోమతి కలిసే సంగమం, దాని ఒడ్డున బాగ్‌నాథ్ గుడి. శివుడు పులి రూపంలో వచ్చాడు కాబట్టి వ్యాఘ్రేశ్వరుడు, అదే జనం నోట బాగేశ్వర్ అయింది. ఊరు ఇరుకు, వేడి కూడా కాస్త ఎక్కువే. కానీ ఆ సంగమం దగ్గర నిలబడి ఒక సంగతి గుర్తుచేసుకోవాలి. బ్రిటిష్ కాలంలో దొరలు కొండల్లోకి వస్తే ఊళ్ళవాళ్ళు కూలి లేకుండా సామాన్లు మోయాలి, దాన్ని కూలీ బేగార్ అనేవారు. ఎవరి వంతు ఎప్పుడో గ్రామపెద్దల దగ్గర రిజిస్టర్లు ఉండేవి. 1921 జనవరిలో, సంక్రాంతికి జరిగే ఉత్తరాయణి జాతరలో, బదరీదత్ పాండే వంటి నాయకుల పిలుపుతో ఆ రిజిస్టర్లను తెచ్చి సరయూలో కలిపేశారు. చీరాల, పేరాల జనం ఇళ్ళు వదిలి రామ్‌నగర్‌లో గుడిసెలు వేసుకున్నది కూడా ఆ ఏడాదే.

ఉత్తరాయణి జాతర ఇప్పటికీ పెద్దగా జరుగుతుంది. సంక్రాంతికి ఇక్కడి పిల్లలు గోధుమపిండి, బెల్లంతో వండిన 'ఘుఘుతే'లను దండగా మెళ్ళో వేసుకుని కాకుల్ని పిలుస్తారు. భోగికి పిడకల దండ మోసిన మన పిల్లలకు ఇది చూపిస్తే సంబరపడతారు. ఆ రోజుల్లో రావాలంటే బస ముందే ఖాయం చేసుకోవాలి.

ఏం తినాలి

హోటల్ మెనూలో పనీర్, నూడుల్స్ మాత్రమే ఉంటాయి. కొండ తిండి కావాలంటే ముందురోజు రాత్రే వంటవాడికి చెప్పాలి. అడిగితే సంతోషంగా చేస్తారు. ఇక్కడ మనకొక ఆనందం ఉంది. వాళ్ళ 'మడువా' అంటే మన రాగులే, రొట్టె చేసి వెన్నతో పెడతారు. 'గహత్' అంటే ఉలవలు. 'ఝంగోరా' అంటే ఊదలు, వాటితో పాయసం కాస్తారు. నల్ల సోయాగింజల్ని వేయించి ఇనప మూకుట్లో చిక్కగా ఉడికించే 'భట్ చుడకానీ'ని అన్నంలో కలుపుకోవాలి. పచ్చిమిర్చి, వెల్లుల్లి, ఆకులు వేసి రాతి మీద నూరిన ఉప్పును 'పిస్యూ లూణ్' అంటారు, దోసకాయ ముక్కకు అద్దుకుంటే మరోటి అక్కర్లేదు. చలికాలం మధ్యాహ్నం ఎండలో కూర్చుని పెద్ద కొండనిమ్మకాయ తొనల్ని పెరుగు, బెల్లం, భంగు (గంజాయి మొక్క) గింజల ముద్దతో కలిపి తింటారు. ఆ గింజల్లో మత్తు ఉండదు, భయపడకుండా తినొచ్చు. అన్నానికి కొరత లేదు, సోమేశ్వర్ లోయంతా వరే. ఆవకాయ, కందిపొడి మాత్రం మీరే తెచ్చుకోవాలి.

ఎనిమిదో అడుగు: దిగేటప్పుడు అల్మోరా, జాగేశ్వర్

వచ్చిన దారినే ఒకేరోజు కాఠ్‌గోదామ్ దిగకుండా, అల్మోరా వైపు ఒక రాత్రి ఉంచుకోండి. కౌసానీ నుంచి అల్మోరా సుమారు 50 కిలోమీటర్లు. అక్కడినుంచి జాగేశ్వర్ మరో 35. దేవదారు చెట్ల మధ్య వాగు ఒడ్డున వందకు పైగా రాతి గుళ్ళు. మధ్యాహ్నానికి చేరి, ఆ రాత్రి అక్కడే ఉంటే సాయంత్రం హారతి వేళ జనం తగ్గాక ఆ చోటు ఎలాంటిదో తెలుస్తుంది. దారిలో చితయీ దగ్గర గోలూ దేవత గుడి ఉంది. ఈ దేవుడు న్యాయం చెప్పే దొర. కోర్టుల్లో తేలనివాళ్ళు, తేలక అలసినవాళ్ళు స్టాంపు కాగితం మీద అర్జీ రాసి ఇక్కడ కడతారు. కోరిక తీరితే గంట కడతారు. వేల గంటల మధ్య వేల అర్జీలు గాలికి ఊగుతుంటాయి. అవి జనం సొంత గోడు, ఫొటో తీసుకుని చదువుకోవద్దు.

అల్మోరాకు దగ్గర్లోని కసార్ దేవి గుహలో 1890లో వివేకానందుడు ధ్యానం చేశాడు. ఊళ్ళో పాత బజారు రాళ్ళు పరిచిన వీధి, తామ్టా పనివాళ్ళ రాగి సామాను అక్కడే దొరుకుతుంది. బాల్ మిఠాయి, మాలూ ఆకు పొట్లంలో చుట్టిన సింగోడీ దిగేరోజే కొనండి. సింగోడీ రెండు రోజులకు మించి నిలవ ఉండదు, బాల్ మిఠాయి ఇంటిదాకా వస్తుంది.

బద్రీనాథ్ నుంచి వచ్చేవాళ్ళకు

చార్ ధామ్‌కు వెళ్ళే మనవాళ్ళు తిరిగి హరిద్వార్‌కే దిగుతారు. కర్ణప్రయాగ దగ్గర మలుపు తీసుకుంటే, థరాలీ, గ్వాల్‌దమ్, గరుడ్ మీదుగా నేరుగా కౌసానీ రావచ్చు. ఇది ఒక పగటి ప్రయాణం. యాత్ర అలసట తీరుతుంది, తిరుగు రైలు కాఠ్‌గోదామ్‌లో ఎక్కొచ్చు. అక్టోబర్‌లో యాత్ర చేసేవాళ్ళకే ఇది చెబుతాను. వానల్లో థరాలీ దారి ప్రమాదం.

సంచిలో

ఒక్క లావు కోటు కంటే పలచటి పొరలు మూడు నయం. లోపల థర్మల్, పైన స్వెట్టర్, ఆపైన గాలి ఆపే జాకెట్. మంకీ క్యాప్, ఊలు సాక్సులు, పట్టున్న బూట్లు, టార్చి. రోజువారీ మందులు ప్రయాణం పొడవునా సరిపడా, ఇంకో నాలుగు రోజులకు అదనంగా. దారి మూసుకుపోతే అవే ఆదుకుంటాయి. ఏటీఎంలు తక్కువ, సిగ్నల్ లేనిచోట ఫోన్‌తో చెల్లించడం కుదరదు కాబట్టి చిన్ననోట్లు అల్మోరాలోనే తీసుకోండి. ప్లాస్టిక్ చెత్త మీతోనే కిందికి తెచ్చేయండి. కొండ మీద దాన్ని తీసుకెళ్ళే బండి రోజూ రాదు.

సంచిలో కాస్త చోటు మిగుల్చుకోండి. బైజ్‌నాథ్ వెళ్ళిన రోజున గరుడ్ బజారులో ఆగి అమ్మ రెండు కిలోల గహత్ కొంది. ఇంటికొచ్చిన మరుసటి ఆదివారం ఆ ఉలవల్ని రాత్రంతా నానబెట్టి, పొద్దుటినుంచి సన్నటి సెగమీద ఉడికించి, కట్టు తీసి చారు కాచింది. మీగడ వేసుకుని తిన్నాం.